పెనాంగ్‌లో ఓడ దిగాక ఒక్క పూట: కొండెక్కాలా, ఊరు తిరగాలా?

సింగపూర్‌లో చదువుకునే మన పిల్లలు సెమిస్టర్ సెలవుల్లో, ఆఫర్ దొరికినప్పుడు, నలుగురైదుగురు కలిసి మూడు నాలుగు రాత్రుల క్రూయిజ్ ఎక్కుతుంటారు. ఆ రూట్లలో చాలావాటికి మలేషియాలోని పెనాంగ్ దీవి ఒక మజిలీ. ఓడ అక్కడ ఒక పగలు ఆగి, సాయంత్రానికో రాత్రికో కదిలిపోతుంది. ఆ మధ్యలో ఏం చేయాలన్న దగ్గరే గ్రూపులో గొడవ మొదలు. ఒకడు పెనాంగ్ హిల్ అంటాడు, ఒకమ్మాయి గోడబొమ్మల దగ్గర ఫొటోలు కావాలంటుంది, ఇంకొకడికి బీచ్ కావాలి, కాస్త డబ్బున్నవాడు ‘పోనీ ఓడవాళ్ల టూరే కొనేద్దాం’ అంటాడు. నా ఓటు మాత్రం అక్కడి పెద్ద ఊరు జార్జ్ టౌన్‌కి. కొండ బాగోదని కాదు. స్టూడెంట్ జేబుకీ, ఓడ టైముకీ రెండింటికీ సర్దుకుపోయేది ఊరొక్కటే.

ముందు టైము లెక్క చూడండి. ఓడ ఏడెనిమిది గంటలు ఆగుతుందని కాగితం మీద ఉంటుంది, కానీ ఓడ కట్టగానే దిగనివ్వరు, దిగడానికి లైను, ఇమ్మిగ్రేషన్ దగ్గర ఇంకో లైను, మళ్లీ బయల్దేరే టైముకి గంట ముందో అంతకన్నా ముందో లోపల ఉండాలి. ఇవన్నీ తీసేస్తే చేతికి మిగిలేది ఐదు గంటలు, బాగా కలిసొస్తే ఆరు. ఓడవాళ్లు అమ్మిన టూర్ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది గానీ, సొంతంగా తిరగడానికి వెళ్లిన మనకోసం ఆగదు. అందుకని ఏ చోటు ఎంత బాగుంటుందన్నది తర్వాత, అక్కడినుంచి ఓడ దగ్గరికి ఎంతసేపట్లో రాగలమన్నది ముందు చూసుకోవాలి.

ఈ విషయంలో పెనాంగ్ అదృష్టం ఏంటంటే ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊళ్లోనే ఉంది. గేటు దాటి నాలుగడుగులు వేస్తే విక్టోరియా గడియార స్తంభం. రాణి ఏలిన 60 ఏళ్లకి ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తు కట్టారు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి కాస్త ఒరిగింది కూడా. దాని పక్కనే ఫోర్ట్ కార్న్‌వాలిస్. స్కూల్లో శాశ్వత శిస్తు పాఠంలో బట్టీపట్టిన ఆ కార్న్‌వాలిస్ పేరే. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున ఇక్కడ దిగిన కొద్ది వారాలకే కలకత్తాలో గవర్నర్ జనరల్ అయింది ఆయనే మరి. లోపలికి టికెట్ ఉంది, స్టూడెంట్లకి నా సలహా: బయటినుంచి ఒక చుట్టు చుట్టి వచ్చేయండి, ఆ డబ్బు తిండికి పనికొస్తుంది.

ఇక కొండ సంగతి. పెనాంగ్ హిల్ 833 మీటర్లు, పైకి తాడుతో లాగే రైలు 1923 నుంచీ నడుస్తోంది, ఇప్పుడున్న పెట్టెలు 2011లో కొత్తగా వేసినవి. ఎక్కితే పది నిమిషాల లోపే పైన ఉంటాం, కింద ఉడికిపోయి వెళ్లినవాళ్లకి ఆ చల్లగాలి నిజంగా హాయి. మబ్బు లేకపోతే జార్జ్ టౌన్ మొత్తం, కొమ్టార్ టవర్, మొత్తం 13.5 కిలోమీటర్ల పొడవున్న పెనాంగ్ బ్రిడ్జి, ఆవలి ఒడ్డు, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. పైన మురుగన్ గుడి ఉంది, మసీదూ ఉంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ రైలెక్కడానికి పది నిమిషాలైతే, ఆ రైలు దాకా చేరడానికీ, అక్కడి లైనుకీ పట్టే టైము మన చేతిలో ఉండదు. కింది స్టేషన్ ఎయిర్ ఇటామ్ వైపు, ఊరికి పడమర. గ్రాబ్ యాప్ ట్యాక్సీలో వెళ్తే ట్రాఫిక్ లేనప్పుడు అరగంట, 204 నంబరు బస్సులో దాదాపు గంట. శని ఆదివారాలు, మలేషియా స్కూలు సెలవులు అయితే పైకెక్కడానికే కాదు, కిందికి దిగడానికి కూడా లైనుంటుంది. దిగే లైనులో నిలబడి వాచీ చూసుకుంటుంటే వచ్చే టెన్షన్ ముందు ఆ పైనున్న చల్లగాలి ఎందుకూ పనికిరాదు. టికెట్ విదేశీయులకి రానూపోనూ 30 రింగిట్లు, లైను తప్పించుకునే ఫాస్ట్ లేన్ అయితే 80, అంటే మన డబ్బుల్లో పదహారు వందల పైమాటే. సింగపూర్ స్టూడెంట్ కార్డు చూపించినా మలేషియా వాళ్ల రేటు రాదు, అడిగి పరువు పోగొట్టుకోవద్దు. పైగా మధ్యాహ్నం దాటాక వాన, మబ్బు. పైకెళ్లి తెల్లటి పొగ చూసి దిగి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు.

కొండకీ ఊరికీ మధ్యే మార్గం కావాలంటే కెక్ లోక్ సి ఉంది. ఇదీ ఎయిర్ ఇటామ్‌లోనే, కొండ స్టేషన్‌కి దగ్గర, కానీ రైలు లైను గొడవ లేదు, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తిరగొచ్చు. 1890లో మొదలుపెట్టి కట్టుకుంటూ పోయిన బౌద్ధాలయం. దాని గోపురాన్ని కిందినుంచి పైకి నిదానంగా చూడండి: అడుగుభాగం చైనా పద్ధతిలో ఎనిమిది మూలలతో, మధ్యభాగం థాయి పద్ధతిలో, కొస బర్మా పద్ధతిలో ఉంటాయి, మూడు దేశాల మేస్త్రీలు ఒకరి మీద ఒకరు ఎక్కి కట్టినట్టు. పైన దయామాత క్వాన్‌యిన్ 30.2 మీటర్ల కంచు విగ్రహం, అక్కడికి ఏటవాలు లిఫ్ట్. మెట్ల దారంతా దుకాణాలే, మధ్యలో తాబేళ్ల కోనేరు. గుళ్లోకి టికెట్ లేదు, గోపురానికీ లిఫ్ట్‌కీ కొద్దిగా తీసుకుంటారు. మీ గ్రూపులో ఊళ్లో నడవనని మొండికేసేవాళ్లుంటే ఇదే చూపించండి, కొండ కాదు.

బీచ్ అన్నవాడికి ఒక్క ముక్కలో జవాబు: ఇక్కడి బీచ్ బటు ఫెరింగీ దూరం, దారిలో మలుపులు, నీళ్లు అంత తేటగా ఉండవు, జెల్లీఫిష్ భయం కూడా. అదే క్రూయిజ్‌లో థాయ్‌లాండ్ ఫుకెట్ ఉంటే ఆ సరదా అక్కడ తీర్చుకోమనండి.

ఇప్పుడు ఊరు. జార్జ్ టౌన్‌కి మలక్కాతో కలిపి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఓడ రేవునుంచి మొదలై మళ్లీ రేవుకే చేరేలా ఒక చుట్టు నడిస్తే నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండదు. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, అక్కడినుంచి అగరొత్తుల పొగతో కళ్లు మండించే చైనా వాళ్ల దయామాత గుడి, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ కోవెల, ఆ తర్వాత 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి, కూతవేటు దూరంలో. మసీదులోకి నమాజు టైములో బయటివాళ్లని రానివ్వరు, శుక్రవారం ఓడ ఆగితే అది గుర్తుపెట్టుకోండి.

అర్మేనియన్ స్ట్రీట్‌లో అందరూ వెతికే సైకిల్ బొమ్మ ఉంటుంది. 2012లో లిథువేనియాకి చెందిన ఎర్నెస్ట్ జకారెవిచ్ వేశాడు. గోడ మీద అక్కా తమ్ముడూ రంగుల్లో, వాళ్లు తొక్కే సైకిల్ మాత్రం నిజం ఇనుముది, గోడకి బిగించేశారు. దగ్గరికెళ్తే సైకిల్ సీటు జనం చేతులు పడీ పడీ నున్నగా తేలి ఉంటుంది. ఫొటోకి లైను చూసి అక్కడే అరగంట తగలేయకండి, పక్క సందుల్లో ఇంకా బోలెడు బొమ్మలున్నాయి. దానికన్నా ఖూ కాంగ్సీ లోపలికి వెళ్లడానికి టికెట్ పెట్టొచ్చు. ఖూ ఇంటిపేరు వాళ్ల వంశగృహం అది. మొదట కట్టింది చక్రవర్తి కోటని మించిపోయిందట, 1901లో కాలిపోతే దేవతలకి కన్నుకుట్టిందనుకుని ఈసారి కాస్త తగ్గించి కట్టుకున్నారు. తగ్గించిందే అలా ఉంది!

చివర్లో చ్యూ జెట్టీ. సముద్రంలో గుంజలు పాతి, చెక్కలు పరిచి, వాటి మీద కట్టుకున్న ఇళ్లు. పలకల సందుల్లోంచి ఆటు టైములో బురద, పోటు టైములో నీళ్లు కనిపిస్తాయి, ఆ పలకల మీదే టకటకమంటూ మోటారు సైకిల్ వస్తే మనం పక్కకి ఒదగాలి. జనం కాపురాలుంటున్న ఇళ్లు కాబట్టి కెమెరా పట్టుకుని గడపల్లోకి తొంగిచూడొద్దు.

ఊరికున్న పెద్ద మైనస్ ఎండ. పదకొండు దాటాక చెమట కారిపోతుంది. దుకాణాల ముందు ఐదడుగుల వసారాలుంటాయి, నీడలో నడవడానికే కట్టినవి, కానీ సగం చోట్ల బైకులూ సరుకులూ అడ్డం. కాళ్లు లాగితే ఊళ్లో తిరిగే క్యాట్ బస్సు ఎక్కండి, అది ఫ్రీ. మిగతా బస్సుల్లో చిల్లర ఇవ్వరు, సరిపడా పట్టుకునే ఎక్కాలి.

నిజం చెప్పాలంటే నన్ను ఊరి పక్షాన నిలబెట్టింది తిండి. పెనాంగ్‌కి వచ్చి మూడు గంటలు కొండ లైన్లో నిలబడి, మళ్లీ ఓడకొచ్చి అదే బఫే తినడం అన్యాయం కదా. అసామ్ లక్సా ఒక గిన్నె తీసుకోండి: చింతపండు పులుపు, చిదిపిన చేప, లావాటి బియ్యపు నూడుల్స్, పైన కీరా, అనాస, ఉల్లి, పుదీనా, పక్కన చెంచాలో నల్లగా చిక్కటి రొయ్యల పేస్టు. చేపల పులుసు మీద పెరిగిన నాలుకకి మొదటి చెంచాకే చుట్టరికం తెలుస్తుంది, రొయ్యల పేస్టు కలిపాక మాత్రం ఒక్క క్షణం ఆలోచనలో పడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోండి. నాసి కందర్ తమిళ ముస్లింలది, అన్నం మీద రెండు మూడు రకాల కూరల పులుసు కలిపి పోస్తారు. వేలు చూపించి ఇది అది అనే ముందు ధర అడగండి, పెద్ద రొయ్య పడిందంటే బిల్లు ఎక్కడికో పోతుంది. వేయించిన వెడల్పాటి నూడుల్స్ చార్ క్వే టియావ్‌లో చాలాచోట్ల పందికొవ్వు వాడతారు, తిననివాళ్లు ముందే కనుక్కోవాలి. శాకాహారులకి దిగులక్కర్లేదు, లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం, దోసె దొరుకుతాయి, కొద్దో గొప్పో తమిళం వచ్చిన చిత్తూరు, నెల్లూరు వాళ్లయితే దర్జాగా బేరమాడొచ్చు. ఆఖర్న కొబ్బరిపాలు, ఐసు కలిపిన చెందోల్ ఒక గ్లాసు, లేదా జాజికాయ జ్యూస్. ఇంతా కలిపినా కొండ ఫాస్ట్ లేన్ టికెట్టంత అవదు.

మరి ఓడవాళ్ల టూర్? అమ్మానాన్నలు వెంట ఉంటే కొనండి, మోకాళ్ల నొప్పులకీ ఓడ వెళ్లిపోతుందన్న భయానికీ అది మందే. స్టూడెంట్లకి మాత్రం దండగ, నలుగురు గ్రాబ్ పంచుకుంటే అవే చోట్లు అందులో చిన్న వంతుకే అయిపోతాయి.

కొండకి నేను ఓటేసే రోజు కూడా ఉంది. ఓడ పొద్దున్నే వచ్చి రాత్రి పది దాటాక కదిలేదై, అది పనిరోజై, ఆకాశం తేటగా ఉంటే, దిగీ దిగగానే కొండకి వెళ్లిపోండి, మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చేయొచ్చు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా వద్దు. ఇంకో చిన్న జాగ్రత్త: ముందు రోజు ఫుకెట్‌లో ఆగి వస్తుంటే అక్కడ టైము గంట వెనక, ఫోను మలేషియా టైముకి మారిందో లేదో చూసుకుని, ఓడ టైము ఏదో కనుక్కుని దిగండి. కాగితాల సంగతి కూడా: ఆన్‌లైన్‌లో నింపే మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు చేరడానికి ముందు మూడు రోజుల లోపు నింపాలా, మీ ఓడకి అక్కర్లేదా అన్నది క్రూయిజ్ వాళ్లనే అడగండి. సింగపూర్ స్టూడెంట్ పాస్ ఉంటే తిరిగి రావడానికి ఇబ్బంది లేదు. హైదరాబాద్ నుంచి మిమ్మల్ని చూడటానికొచ్చి ఓడెక్కే తమ్ముడికి మాత్రం సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీది ఉండాలి.

టికెట్ ఇంకా కొనకపోతే, పెనాంగ్ ఉన్న రూటే తీసుకోండి, పోర్ట్ క్లాంగ్ ఒక్కటే ఉన్నది వద్దు. అక్కడ క్రూయిజ్ టెర్మినల్ పులావ్ ఇందా దీవిలో ఉంటుంది, కౌలాలంపూర్‌కి రోడ్డు మీద గంట పైనే, రానూపోనూ కలిపితే పూట అందులోనే గడిచిపోతుంది. ఆల్రెడీ కొనేశారా? అయితే పోర్ట్ క్లాంగ్‌లో ఓడ దిగకండి. జనమంతా దిగిపోయాక స్విమ్మింగ్ పూల్ మొత్తం మీదే.