బోరు నీళ్ల ఇంటికి నిమ్మ ఉప్పు: నేను వాడి చూసి చెబుతున్న మాట

నిజాంపేటలో మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. ఎండాకాలం వస్తే ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. కుళాయిల మెడ చుట్టూ తెల్లటి పొర, కెటిల్ అడుగున సున్నం, షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోవడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. ఇలాంటి ఇళ్లకు ఒక్క వస్తువు చెప్పమంటే నేను నిమ్మ ఉప్పే చెబుతాను. సిట్రిక్ యాసిడ్ అని అడిగినా కొట్లో ఇదే ఇస్తారు. వంటకి కొనే చిన్న ప్యాకెట్లు ఈ పనికి గిట్టుబాటు కావు. నేను బేగంబజారులో కిలో లెక్కన తెచ్చుకుంటాను, 200 రూపాయలకు అటూ ఇటూగా పడుతుంది.

తాగే నీళ్లలో కాఠిన్యం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా పర్వాలేదని మన దేశ ప్రమాణం. మా బోరు నీళ్లు ఆ రెండో హద్దు కూడా దాటాయి. ఇలాంటి నీళ్లు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం సున్నపు పొరగా మారి గిన్నెకి అంటుకుంటుంది. అందుకే చల్లనీళ్ల కుళాయి కంటే గీజరు, కెటిల్, హీటర్ రాడ్ ముందు పాడవుతాయి. సబ్బుతో ఎంత తోమినా ఈ పొర కదలదు, దీనికి పులుపే కావాలి.

కెటిల్‌లో సగం నీళ్లు పోసి, రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి, వేడెక్కాక ఆపేయండి. పొర మీద నుంచి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. కాసేపటికి అంచులు విడి, పెచ్చులు ఊడి నీళ్లలో తేలతాయి. అరగంటకి స్టీలు అడుగు మెరుస్తూ కనిపిస్తుంది, పీచు ముట్టుకునే పనే లేదు. తర్వాత ఒట్టి నీళ్లు ఒకసారి కాచి పారబోస్తే పులుపు పోతుంది. షవర్‌కైతే ఇదే నీళ్లు గోరువెచ్చగా ఒక కవర్‌లో పోసి, షవర్ మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. కుళాయికి తడిపిన పాత గుడ్డ చుడితే చాలు. హీటర్ రాడ్‌ని ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, చుట్ట ఉన్న భాగం మాత్రమే ముంచాలి.

నిమ్మకాయ చెక్కతో రుద్దితే రాదా అంటారు. వస్తుంది, కానీ నిమ్మరసంలో ఈ ఆమ్లం ఉండేది 5, 6 శాతమే. 100 గ్రాముల పొడి చేసే పనికి దాదాపు రెండు లీటర్ల రసం పిండాలి. వీడియోల్లో వంటసోడా, నిమ్మరసం కలిపి నురగ చూపిస్తారు కదా, దాన్ని నమ్మకండి. పులుపూ సోడా ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, నురగ పోయాక మిగిలేది ఉప్పు నీళ్లలాంటిదే. సోడాని జిడ్డుకి విడిగా వాడుకోండి. జిడ్డు మీద నిమ్మ ఉప్పు పని చేయదు, బాత్రూం మూలల్లో నల్లగా పట్టే బూజు మీదా అంతే.

మా అత్తయ్య పూజ సామాన్లకి చింతపండు తప్ప వేరేది ముట్టనివ్వరు. అందులోనూ పులుపే కాబట్టి ఆవిడ పద్ధతి సరైనదే. పెద్ద ఇత్తడి బిందెలు, గుండిగలు తోమాల్సి వచ్చినప్పుడు మాత్రం నిమ్మ ఉప్పు నీళ్లతో పని తొందరగా అవుతుంది. అయితే నానబెట్టకూడదు. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడి పసుపు పోయి ఎర్రగా రాగి రంగు తేలుతుంది. పూసి, తోమి, వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిచేయాలి.

ఇక ముఖ్యమైన జాగ్రత్త. మన ఇళ్లలో వంటింటి గట్టు కడప రాయి, నేల తాండూరు బండ లేదా మార్బుల్ అయితే ఈ నీళ్లు వాటి మీద పడనివ్వకండి. అవన్నీ సున్నపు జాతి రాళ్లే. కెటిల్‌లో పొరని తినే పులుపు రాయినీ తింటుంది. నునుపు పోయి తెల్లటి మచ్చ పడితే మళ్లీ పాలిష్ పట్టించడమే, తుడిస్తే పోదు. గ్రానైట్‌కి ఆ భయం లేదు. మా ఇంట్లో గట్టు కడప రాయే, అందుకే కెటిల్ పని స్టీలు సింకులో పెట్టి చేస్తాను.

బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, బ్లీచ్ కలిసిన క్లీనర్లతో గానీ దీన్ని ఎప్పుడూ కలపొద్దు, విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బాత్రూం కడిగేవాళ్లకి కూడా ఈ ముక్క చెప్పి ఉంచండి. ఘాటు యాసిడ్‌తో పోలిస్తే దీనికి పొగ లేదు, ముక్కు మండదు. అయినా చేతికి కోతలుంటే బాగా మంటెత్తుతుంది, గ్లౌజులు వేసుకోవడం మేలు.

వానాకాలం చెమ్మకి గడ్డ కడుతుంది కాబట్టి బిగుతు మూత ఉన్న సీసాలో పోయండి. చూడ్డానికి అచ్చం పంచదారలా ఉంటుంది. సీసా మీద పేరు పెద్దక్షరాలతో రాసి, పోపు డబ్బా దరిదాపుల్లో కాకుండా బట్టల సబ్బుల అరలో పెట్టండి.