విదేశీ సంగీత కళాశాల విద్యార్థులతో పది రోజుల వయొలిన్ శిబిరం: సమీక్ష

విజయవాడలో మా అమ్మాయి చదివే సంగీత పాఠశాల, ఒక ఐరోపా సంగీత కళాశాలతో కలిసి ఈ వేసవిలో పది రోజుల వయొలిన్ శిబిరం నిర్వహించింది. రుసుము 1,500 రూపాయలు. నగరంలోని కృష్ణలంక ప్రాంతం నుంచి వచ్చిన పన్నెండు మంది పేద పిల్లలకు ఉచితం.

అంత దూరం నుంచి సంగీత కళాశాలలు పేద పిల్లలకూ సంగీతం అందించే ఇటువంటి అభివృద్ధి పథకాలకు ఎందుకు వస్తాయన్న సందేహం మూడో రోజుకే తీరింది. స్వరలిపి చూసి వాయించడానికి అలవాటుపడిన ఆ ఐరోపా కళాశాల విద్యార్థులు, కాగితం లేకుండా గురుముఖతః పాఠం ఎలా నిలుస్తుందో, సా-పా-సా-పాలకు శ్రుతి చేసిన వయొలిన్‌ను నేలపై కూర్చుని, దాని కొసను పాదంపై ఆనించి ఎలా వాయిస్తారో మా మాస్టారి వద్ద శ్రద్ధగా నేర్చుకున్నారు. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితుల కాలంలో పడమటి నుంచి మనకు వచ్చిన వాద్యం మళ్లీ వారికే పాఠం కావడం నన్ను కదిలించింది. మన పిల్లలకు దక్కినది బృందంగా నేర్చుకునే పద్ధతి. వెనిజులాలో 1975లో మొదలైన ‘ఎల్ సిస్టెమా’ పేద పిల్లలను వాద్యబృందాలలో చేర్చి చూపిన దారి కూడా ఇదే.

అయితే శిబిరం ముగిసిన రోజునే పిల్లలకు అరువిచ్చిన వయొలిన్లను వెనక్కి తీసుకోవడం తీరని లోటు. కృష్ణలంక పిల్లలు ఇప్పుడు దేనిపై సాధన చేయాలి? కనీసం ఆరు నెలలు వాద్యాలను ఇక్కడే ఉంచి, వారానికొక తరగతి కొనసాగిస్తేనే వచ్చే ఏడాది మా అమ్మాయిని మళ్లీ పంపుతాను.