స్పై మ్యూజియమా, గుప్తలిపి మ్యూజియమా?

వాషింగ్టన్‌లో ఒక్క పూటే తీరిక ఉంటే ఏది చూడాలి?

ఖర్చు: ఇంటర్నేషనల్ స్పై మ్యూజియానికి టికెట్ కొనాలి. మేరీలాండ్‌లోని నేషనల్ క్రిప్టోలాజిక్ మ్యూజియం, అంటే గుప్తలిపి మ్యూజియం, ఉచితం.

ప్రయాణం: మొదటిది నగరంలోనే, మెట్రోలో వెళ్లవచ్చు. రెండోదానికి కారు ఉంటేనే సుఖం. పనివేళలు ముందే చూసుకోవాలి.

చూడదగ్గవి: స్పై మ్యూజియంలో సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ వారి లిప్‌స్టిక్ పిస్తోలు ఉంది. పెదవుల రంగు గొట్టంలో ఇమిడిన ఆయుధం, ఒక్కటే తూటా! సందర్శకులకు మారుపేరు ఇచ్చి చిన్న పరీక్షలూ పెడతారు, పిల్లలు ఒక పట్టాన బయటికి రారు. రెండోచోట, జర్మన్లు ఎనిగ్మా అనే పరికరంతో తయారుచేసిన రహస్య సంకేతాలను ఛేదించడానికి రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం వాడిన యంత్రం ఉంది. మనిషికంటే ఎత్తు, ముందువైపు వరుసలు వరుసలుగా చక్రాలు. నా ఓటు దానికే.

పిల్లలతో, కారు లేకుండా వస్తే స్పై మ్యూజియం. లెక్కలూ చరిత్రా ఇష్టమైతే క్రిప్టోలాజిక్.