గోత్ జాతి జాడలు చూపిస్తామని కోట చూపించారు

పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో దిగిన రెండో రోజే 840 జ్లోటీలు (అక్కడి డబ్బు) నీళ్లపాలయ్యాయి. ‘గోతిక్ యాత్ర’ అని రాసి ఉంటే గోతులనే ప్రాచీన జర్మానిక్ జాతి జాడలు చూపిస్తారని నమ్మి, నాకూ అన్నయ్యకూ వదినకూ మనిషికి 280 చొప్పున ముందే కట్టేశాను.

వ్యాను తిన్నగా వెళ్లి మాల్బోర్క్ కోట ముందు ఆగింది. ఎర్ర ఇటుకల కోట గొప్పదే, కాదనను. కానీ అది 13వ శతాబ్దంలో ట్యూటోనిక్ యోధులనే జర్మన్ క్రైస్తవ యోధ సంఘం మొదలుపెట్టిన కట్టడం. గోతులు ఆ నేల విడిచి అప్పటికే దాదాపు వెయ్యేళ్లు. మొనదేలిన తోరణాలుండే ఈ కట్టడ శైలికి ‘గోతిక్’ అని వాళ్ల పేరు తగిలించింది ఇటలీ పండితులు, అదీ అనాగరికమన్న చిన్నచూపుతో. ఇదే చెబితే గైడు ‘గోతిక్ అంటే ఇదే కదా’ అన్నాడు. అసలు బాధ అది కాదు. గోతుల తొలి రోజులతో ముడిపెట్టే సంస్కృతికి పేరునిచ్చిన వియెల్బార్క్ శ్మశానం బయటపడింది ఆ ఊరి శివారులోనే. అటు తిప్పమని బతిమాలినా వ్యాను కదలలేదు, డబ్బూ తిరిగివ్వలేదు. తిరుగు దారిలో వదిన ఒక్క మాటా మాట్లాడలేదు.

మర్నాడు 190 జ్లోటీలకు కారు అద్దెకు తీసుకుని, 95కు పెట్రోలు పోయించి, గ్దాన్స్క్‌కు పడమరనున్న కషూబియా ప్రాంతంలోని వెన్షోరికి మేమే వెళ్లాం. సరస్సు ఒడ్డున పైన్ అడవి. చెట్ల మధ్య గుండ్రంగా నిలబెట్టిన రాళ్లు, వాటి పక్కన సమాధుల దిబ్బలు. వియెల్బార్క్ శ్మశానాల్లో దహనం చేసినవారూ పూడ్చినవారూ ఒకే చోట ఉంటారు. మగవాళ్ల పక్కన ఆయుధాలు దాదాపు కనిపించవు. 251లో అబ్రిట్టస్ దగ్గర రోమన్ చక్రవర్తి డేసియస్‌ను యుద్ధంలో చంపిన గోతుల పూర్వీకులు తమవారిని కత్తి లేకుండా సాగనంపారంటే, ఆ దిబ్బల ముందు నాకు నోట మాట రాలేదు.

బెరిగ్ అనే రాజు మూడు ఓడల్లో స్కాండినేవియా నుంచి గోతులను తెచ్చాడని 551 ప్రాంతంలో చరిత్రకారుడు యోర్దానెస్ రాశాడు. తవ్వకాలు ఆ కథను అంత సూటిగా బలపరచవు. 2వ శతాబ్దం చివరికి ఇక్కడివాళ్లు ఆగ్నేయంగా నల్ల సముద్రం వైపు కదిలారన్నది మాత్రం గట్టి మాట.

అది చెబుతుంటే వదిన నాచు పట్టిన రాతి మీద చెయ్యి వేసి, ‘పసిపిల్లల్ని ఎత్తుకుని అంత దూరం ఎలా నడిచారయ్యా’ అంది. నిన్నటి నుంచి ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాట అది.

దారిలో తిన్న పుల్లటి మీగడలో హెర్రింగ్ చేప, ఉడికించిన బంగాళాదుంపలు 38 జ్లోటీలకు అమృతంలా ఉన్నాయి. వెన్షోరికి నీళ్లు మీరే తీసుకువెళ్లండి. మాల్బోర్క్‌కు గ్దాన్స్క్ నుంచి రైలుంది, వ్యాను ఎక్కకండి. ఎక్కక తప్పకపోతే వియెల్బార్క్ చూపిస్తామని రాయించుకున్నాకే డబ్బు కట్టండి.