సెన్సార్ బిల్లుపై అనుమానమా? అక్కడే మార్పించాలా, ఇంకోచోట స్కాన్ చేయించాలా?

కారు ఇంజిన్ లైటు వెలిగిందని వెళ్తే, తిరుపతి గ్యారేజీలో "ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) పోయింది" అంటే ముందు స్కానర్ చూపిన లోపం కోడ్ నంబరు రాయించుకోండి.

ఖర్చు: మార్పిస్తే పార్టు, కూలీ రెండూ. ఇంకోచోటైతే స్కానింగ్ చార్జీ ఒక్కటే.

శ్రమ: రెండో స్కాన్‌కి ఇంకో పూట తిరగాలి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. ఉదాహరణకు, పీ0135 కోడ్ అంటే సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. ఫ్యూజు కాలినా, కనెక్టర్ తుప్పుపట్టినా, వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. మల్టీమీటర్ (కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూడకుండా కొత్త సెన్సార్ వేస్తే లైటు మళ్లీ వెలగొచ్చు. రెండో స్కాన్ అయ్యేదాకా కోడ్ చెరపనివ్వకండి, ఆధారం పోతుంది.

ఇంజిన్ లైటు మిణుకుతుంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) అవుతున్నట్టు. తిరుమల ఘాట్ ఎక్కించకుండా అక్కడే బాగుచేయించండి, పాత పార్టు, జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. లైటు నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా నడుస్తుంటే రెండో స్కానే మేలు. డబ్బు కట్టేశాక మోసం బయటపడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.