పిల్లలున్న ఇంటికి కుక్కపిల్లను కొంటున్నారా? వయసు తేలనిదే డబ్బు ఇవ్వకండి

హైదరాబాదులో ఆన్‌లైన్ ప్రకటనలు చూసి కుక్కపిల్లను కొనాలనుకుంటున్నవారు, అందులోనూ ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, అడ్వాన్సు పంపేముందు ఇది చదవాలని మనవి. "రెండు నెలలు నిండాయి, మొదటి టీకా అయిపోయింది, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది" అని నమ్మబలికి ఒక అమ్మకందారు మాకు అంటగట్టిన లాబ్రడార్ పిల్లకు నిజానికి ఆరు వారాలు కూడా నిండలేదు. పశువైద్యుడు దాని నోరు తెరిచి, వెనుక పాలపళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉన్నాయని చూపించి ఆ సంగతి తేల్చారు.

రెండు మూడు వారాల తేడాకు ఇంత రాద్ధాంతం దేనికని అమ్మినవారు మమ్మల్నే దబాయించారు. ఆ వారాల్లోనే ఉంది అసలు విషయమంతా. కుక్కపిల్ల సుమారు మూడో వారం దాటాక ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులతో కుమ్ములాడుకుంటూ, ఎంత గట్టిగా కొరికితే అవతలి పిల్ల కీచుమని అరిచి ఆట మానేస్తుందో, ఎప్పుడు తల్లి గుర్రుమని పక్కకు నెట్టేస్తుందో గమనిస్తూ, తన పంటి బలాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటుంది. ఆ శిక్షణ మధ్యలో ఉండగానే దాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్మేస్తే, మిగతా పాఠం మన పిల్లల పిక్కల మీద, చేతుల మీద నేర్చుకోవలసి వస్తుంది. కొరకని కుక్కపిల్ల ఉండదు, దాని గురించి నా ఫిర్యాదు కాదు. ఎంతవరకు కొరకవచ్చో తెలియని పిల్లను, పసిపిల్లలున్న ఇల్లని తెలిసీ, వయసు దాచి అమ్మడం గురించి నా ఫిర్యాదు.

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు చేయించుకుని ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే అమ్మకందారు ముఖం ఎలా మారుతుందో చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. తల్లి కుక్కను చూపించమని అడిగితే, అది ఊళ్లో ఉందనో, కొత్తవాళ్లను చూస్తే మీద పడుతుందనో చెప్పి, పిల్లను మెట్రో పిల్లర్ దగ్గరికి తెచ్చి ఇస్తామంటే, బేరం అక్కడితో ఆపేయడం మంచిది. తల్లినీ, మిగతా పిల్లలనూ ఒకేచోట చూడకుండా పిల్ల వయసును గానీ, స్వభావాన్ని గానీ అంచనా వేయడం మనవంటివారికి సాధ్యం కాదు.

టీకా కార్డు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వేసిన టీకా సీసా మీది స్టిక్కరు, దానిపై బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పశువైద్యుని సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు కార్డులో ఉండాలి. మాకిచ్చిన కార్డులో పెన్నుతో రాసిన తేదీలు తప్ప ఇవేవీ లేవు. పైగా రేబీస్ టీకా కూడా వేసేసినట్టు అందులో రాసి ఉంది. రేబీస్ టీకాను సాధారణంగా మూడు నెలలు నిండాకే వేస్తారు కనుక, రెండు నెలల పిల్ల కార్డులో ఆ నమోదు కనిపించిందంటే కార్డు మొత్తాన్నీ అనుమానించవలసిందే.

ఆ పిల్ల సూదుల్లాంటి పాలపళ్లతో మా చిన్నవాడి పిక్క మీద రక్తం వచ్చేలా కొరికినప్పుడు అమ్మకందారుకు ఫోన్ చేస్తే, "పాలపళ్లే కదండీ, కాస్త పసుపు అద్దండి, అదే తగ్గిపోతుంది" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. రేబీస్‌కు కుక్క వయసుతో నిమిత్తం లేదు, టీకా పడని చిన్న కుక్కపిల్లకూ అది సోకవచ్చు. గాయాన్ని వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి వంటివేవీ పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం గీరుకుపోయి రక్తం రాకపోయినా టీకా అవసరమే, రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబీస్‌ను వెంటనే ఎదుర్కొనే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజును సున్నాగా లెక్కిస్తే 0, 3, 7, 28 రోజుల్లో డోసులు ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగానే వేస్తారు. కుక్కపిల్ల ఆరోగ్యంగానే కనిపిస్తోందన్న ధైర్యంతో ఆగిపోవద్దని మా డాక్టరు గట్టిగా చెప్పారు.

తర్వాత అమ్మకందారు పరిష్కారంగా చూపినవి రెండే: అదనంగా డబ్బు కట్టి "పెద్ద పిల్ల"ను మార్చుకోవడం, లేదా వారికి తెలిసిన ట్రైనర్‌ను పెట్టుకోవడం. ఆ ట్రైనర్ ఇచ్చిన సలహా, కొరికిన ప్రతిసారీ మూతి బిగించి పట్టుకుని ముక్కు మీద కొట్టమని. భయంతో కొరకడం ఆపిన కుక్క రేపు భయంతోనే కొరకవచ్చు, అది పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం కనుక ఆయనను వద్దన్నాం. కుక్కపిల్లను తిరిగి ఇస్తే మరో ఇంటికి అదే అబద్ధంతో అమ్ముతారని తెలిసి ఇవ్వలేదు.

ఇలాంటి కుక్కపిల్ల ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, పశువైద్యులు మాకు చెప్పినదీ, మాకు పనికొచ్చినదీ ఇది. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలనూ కుక్కపిల్లనూ ఒకే గదిలో, ఒక్క నిమిషమైనా సరే, వదలకూడదు. గుమ్మానికి అడ్డుగా చిన్న గేటు పెట్టిస్తే ఈ కాపలా సగం తేలికవుతుంది. పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తితే అది వేటాటగా మారుతుంది కాబట్టి, కుక్క మీదికి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కదలకుండా నిలబడాలని వారికి నేర్పాలి, అరవడం కాదు. పన్ను తగలగానే ఆట ఆపి, పెద్దవాళ్లు లేచి పిల్లలను వెంటబెట్టుకుని కాసేపు గది బయటికి వెళ్లాలి, నమలడానికి బొమ్మ అందించాలి. సాయంత్రాలు పిచ్చిపట్టినట్టు కొరికే కుక్కపిల్ల చాలాసార్లు నిద్ర చాలక అలా చేస్తుంది. రోజులో అధికభాగం నిద్రపోవలసిన వయసది. నాలుగో నెలలో పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు నమలడం మళ్లీ పెరుగుతుంది, ఆరేడు నెలలకు పళ్లన్నీ వచ్చాక నెమ్మదిస్తుంది.

మోసపోయినవారు ప్రకటన స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, టీకా కార్డు ఫోటో, వయసుపై పశువైద్యుడు రాసిచ్చిన కాగితం భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మాకు అమ్మినవారు మా నంబరును బ్లాక్ చేశారు. అదే ఫోటోతో, అవే "రెండు నెలలు నిండాయి" అన్న మాటలతో, వేరే ఫోన్ నంబరు మీద ప్రకటన మళ్లీ కనిపిస్తోంది.