జిర్కోనియా క్యాపులకు మైక్రోవేవా, మామూలు ఫర్నేసా?

బెంగళూరు పీణ్యలో డెంటల్ ల్యాబ్ నడిపే మదనపల్లె తమ్ముడొకడు జిర్కోనియా అనే గట్టి తెల్లటి పింగాణీతో చేసిన పంటి క్యాపుల్ని కాల్చి గట్టిపరిచే కొత్త ఫర్నేస్ కొనే పనిలో ఉన్నాడు. "మైక్రోవేవ్ అయితే రెండు గంటల్లోపే కాలిపోతాయంట గదన్నా, ఇంక ఆలోచన దేనికి?" అంటాడు. ఆలోచించాల్సిందే.

మామూలు ఫర్నేస్‌లో మాలిబ్డినం డైసిలిసైడ్ కడ్డీలు కాగుతాయి. ఆ వేడి క్యాప్ పైపొరకు తగిలి, మెల్లగా లోపలికి దిగాలి. తొందరపెడితే పగుళ్లే. అందుకే నిదానంగా 1500 డిగ్రీల దాకా ఎక్కించి, కాసేపు అక్కడే ఉంచి, మళ్లీ నిదానంగా దించుతారు. రాత్రి పెట్టి ఇంటికెళ్తే పొద్దున తీసుకోవచ్చు. క్యాపులతో పాటు లోపలి గోడల్నీ కాచాలి కాబట్టి కరెంటు బాగా లాగుతుంది. కడ్డీలు పాతబడి పొర రాలితే తెల్లటి క్యాప్ మీద పసుపు మరకలు పడతాయి, అదో తలనొప్పి.

మైక్రోవేవ్‌లో వాడేది సాధారణంగా 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలే, వంటింటి ఓవెన్‌లో ఉండేవే. చల్లగా ఉన్న జిర్కోనియా వాటిని పెద్దగా పట్టించుకోదు. అందుకే చుట్టూ సిలికాన్ కార్బైడ్ పెడతారు. అది మొదటి నుంచే కాగి, జిర్కోనియాను కొన్ని వందల డిగ్రీలకు చేరుస్తుంది. అక్కణ్నుంచి జిర్కోనియా తనంతట తనే తరంగాల్ని లాక్కుంటుంది. అసలు చిక్కు ఇక్కడే. వేడెక్కేకొద్దీ ఎక్కువ లాగుతుంది, లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పవర్ మీద పట్టు తప్పితే ఒకచోట మాడిపోతుంది, పక్కచోట సరిగ్గా కాలదు. పైగా పైపొర కంటే లోపలే ఎక్కువ వేడి ఉండొచ్చు, తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే పైరోమీటర్ చూసేదేమో పైపొరను. పోనీ వేడి కొలిచే తీగ, అదే థర్మోకపుల్, లోపల దూర్చుదామా అంటే, అది లోహం, తరంగాల్నే చెదరగొడుతుంది.

కాలినప్పుడు జిర్కోనియా పొడవులో దాదాపు 20 శాతం కుంచించుకుపోతుంది. ఆ లెక్కతోనే కాల్చకముందే పెద్ద సైజులో మిల్లింగ్ చేస్తారు, అంటే మెషీన్‌తో చెక్కుతారు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ముడుచుకుంటే పంటి మీద కూర్చోదు. ఒంటి క్యాప్‌కు ఫర్వాలేదు గానీ, కొన్ని పళ్లు కలిపి ఒకే ముక్కగా చేసే పొడవాటి బ్రిడ్జ్‌కు మైక్రోవేవ్ అంటే నాకు టెన్షనే.

అన్నీ కుదిరితే మాత్రం త్వరగా కాలడం వల్ల గ్రెయిన్లు, అంటే లోపలి రేణువులు, సన్నగా ఉంటాయి, కరెంటూ కలిసొస్తుంది. పొద్దున కొలత తీసి సాయంత్రానికి క్యాప్ అడిగే క్లినిక్కులకు మైక్రోవేవే మేలు.

మావాడికి వచ్చేవి ఎక్కువగా బ్రిడ్జ్‌లే, రోజూ ట్రే నిండుతుంది. మామూలుదే తీసుకో, కొటేషన్‌లో స్పేర్ కడ్డీల ధర విడిగా రాయించుకో అన్నాను.